సల్ఫర్ తగ్గించమన్నారా? బంగాళాదుంప వంటకాల్లో ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

సల్ఫర్ తగ్గించి తినాలని డైటీషియన్ కాగితం మీద రాసిచ్చిన రోజు నాకు మొదట పట్టుకున్న దిగులు బంగాళాదుంప గురించే. ఆ కాగితంలో ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, చీజ్, క్యాబేజీ, ఆవాలు, ఎండబెట్టిన పళ్ళు, అన్నిటి మీదా అడ్డగీత ఉంది. దుంప మీద మాత్రం లేదు. కానీ నాకు ఇష్టమైన దుంప వంటకం ఏది తలుచుకున్నా వాటిలో కనీసం రెండు ఉన్నాయి. ఇంకేముంది, ఆరు వారాలు ఉప్పేసి ఉడకబెట్టిన దుంపలే గతి అనుకున్నాను. అంత కష్టం రాలేదు. ఆ ఆరు వారాల్లో వేర్వేరు దేశాల పాత దుంప వంటకాలు ఒక పది దాకా చేసి చూశాను, కొన్ని ఘోరంగా చెడగొట్టాను, రెండు మాత్రం ఆ డైట్ అయిపోయాక కూడా వారానికోసారి చేసుకుంటున్నాను.

చివరికి నాకు తేలింది ఏంటంటే, నచ్చిన వంటకంలోంచి ఒక్కొక్కటీ పీకేస్తూ దాన్ని బతికించాలని చూడటం కన్నా, మొదటి నుంచీ పీకేయాల్సింది తక్కువున్న వంటకాన్ని ఎంచుకోవడం నయం. గుడ్డు లేని తోర్తియా (స్పెయిన్ వాళ్ళ దుంప, గుడ్డు అట్టు) తింటుంటే లేని గుడ్డే గుర్తొస్తుంది. రోష్టి (స్విట్జర్లాండ్ వాళ్ళ దుంప తురుము అట్టు) తింటుంటే ఏమీ గుర్తు రాదు, ఎందుకంటే అందులో మొదట్నుంచీ గుడ్డు లేదు.

ముందు లెక్క చూద్దాం. 100 గ్రాముల పచ్చి దుంపలో ప్రొటీనే దాదాపు 2 గ్రాములు. ఆ ప్రొటీన్‌లో సల్ఫర్ ఉండే అమైనో ఆమ్లాలు రెండు, మిథియోనిన్, సిస్టీన్. రెండూ కలిపి సుమారు 50 నుంచి 60 మిల్లీగ్రాములు. ఒక మామూలు సైజు కోడిగుడ్డులో ఇవే 300 మిల్లీగ్రాములు దాటతాయి. అంటే ఒక్క గుడ్డు వేశారంటే అర కిలో పైన దుంపలు వేసినట్టు. (ఇవి అమైనో ఆమ్లాల బరువులు, అందులో అసలు సల్ఫర్ నాలుగో వంతు లేదా అంతకన్నా కాస్త తక్కువ. పోలికకి మాత్రం ఇది చాలు.) దుంపలో సల్ఫర్ సున్నా అని ఎవరైనా అంటే నమ్మకండి. ఉడికిన దుంప మూత తీయగానే వచ్చే ఆ కమ్మటి వాసన ఉంది చూశారా, దానికి ముఖ్య కారణం మిథియోనల్ అనే సల్ఫర్ పదార్థమే, దుంపలోని మిథియోనిన్ వేడికి మారి తయారవుతుంది. ఉండేది లవలేశమే అయినా ముక్కు దాన్ని వదలదు.

మీరు తగ్గించాల్సింది ఏ సల్ఫర్?

ఈ భాగం దాటేసి వంటకాల దగ్గరికి పోకండి. సల్ఫర్ తగ్గించండి అనే ఒకే మాట వెనక వేర్వేరు సంగతులు ఉంటాయి, ఒకరికి బాగా పనికొచ్చే వంటకం ఇంకొకరికి అస్సలు పనికిరాదు.

కొందరికి సమస్య సల్ఫైట్లతో. ఇవి రంగు మారకుండా, పాడవకుండా ఆహారంలో కలిపేవి. ప్యాకెట్ వెనక ఇ220 నుంచి ఇ228 దాకా నంబర్లతోనో, సోడియం మెటాబైసల్ఫైట్, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి పేర్లతోనో కనిపిస్తాయి. ఆస్తమా ఉన్న కొందరికి ఇవి పడవు, ఊపిరి బిగుసుకుపోతుంది. వీళ్ళకి గుడ్డుతో, చీజ్‌తో సాధారణంగా పేచీ ఉండదు, పేచీ అంతా ప్యాకెట్లతో, సీసాలతో.

ఇంకొందరికి కడుపు గొడవ. మనం తిన్న ప్రొటీన్‌లోని సల్ఫర్‌ని పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే గ్యాస్ అదే. ఇలాంటి వాళ్ళకి కొన్ని వారాలు గుడ్డు, చీజ్, మాంసం తగ్గించి చూడమంటారు, కొందరికి దాంతో పాటు ఉల్లి, వెల్లుల్లి, క్యాబేజీ జాతి కూరలు కూడా. నాది ఈ లెక్కే. మూడో రకం వాళ్ళకి ఉల్లి, వెల్లుల్లి, ఆవాలు, క్యాబేజీ లాంటి ఘాటు సరుకే పడదు, గుడ్డు మామూలుగా తినేస్తారు.

హోమోసిస్టినూరియా లాంటి పుట్టుకతో వచ్చే జబ్బులు ఉన్నవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. వాళ్ళకి మిథియోనిన్‌ని మిల్లీగ్రాముల లెక్కన కొలిచి ఇస్తారు, నా రాత చూసి ఏదీ మార్చుకోవద్దు. ఇంకో మాట, సల్ఫా మందులు పడకపోవడానికీ తిండిలోని సల్ఫర్‌కీ సంబంధం లేదు. సల్ఫా మాత్రకి దద్దుర్లు వచ్చాయని ఉల్లిపాయ మానేసిన మనిషి నాకు తెలుసు, ఎన్నో ఏళ్ళు మానేశాడు పాపం. సల్ఫర్ అసలు మనకి అక్కర్లేనిదేం కాదు కూడా, మిథియోనిన్ లేకుండా ఒళ్ళు నడవదు, కాబట్టి ఇది ఎంత కాలం చేయాలో మీకు చెప్పినవాళ్ళనే అడగండి, పిల్లల విషయంలో అయితే సొంత ప్రయోగాలు వద్దు.

ఏమీ తీసేయనక్కర్లేని మూడు

నా లెక్కలో మొదటి ర్యాంక్ రోష్టిది. స్విట్జర్లాండ్‌లో బెర్న్ ప్రాంతపు రైతులు పొద్దున్నే తిని పొలానికి వెళ్ళేవాళ్ళట. ఆ దేశంలో జర్మన్ మాట్లాడేవాళ్ళకీ ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళకీ మధ్య ఉన్న తేడాని సరదాగా రోష్టి కందకం అని పిలుచుకునేంతగా ఇది పేరు పడింది. అసలు రోష్టిలో ఉండేది దుంప, వెన్న, ఉప్పు. అంతే. వెన్న 100 గ్రాముల్లో ప్రొటీన్ ఒక గ్రాము కూడా ఉండదు, కాబట్టి మన లెక్కలోకి దాదాపు రాదు.

ఇందులో ఒకే ఒక్క కిటుకు ఉంది. దుంపల్ని ముందు రోజు రాత్రే పొట్టుతో, కాస్త గట్టిగా ఉండగానే దించేసేలా ఉడికించి, ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున తీసి పొట్టు లాగేసి పెద్ద కన్నాల తురుముపీట మీద తురిమితే పోగులు పోగులుగా, దేనికది విడిగా రాలతాయి. నేను మొదటిసారి ఆత్రంగా వేడి దుంపనే తురిమాను, తురుముపీటకి ముద్ద అతుక్కుని వేళ్ళు కాలాయి తప్ప రోష్టి రాలేదు. చల్లారితే లోపలి స్టార్చ్ గట్టిపడుతుంది, అదే తేడా. పెనం మీద వెన్న కరిగాక తురుము పరిచి, ఉప్పు జల్లి, గరిటె వెనకతో మెల్లగా నొక్కి, సన్నటి సెగ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేయండి. అంచులు బంగారు రంగు తిరిగాక పెనం మీద పళ్ళెం బోర్లించి, తిరగేసి, మళ్ళీ పెనంలోకి జార్చాలి. గుడ్డు లేదు, పిండి లేదు, అయినా ఒక్క ముక్కగా నిలుస్తుంది. హోటళ్ళలో దీని మీద చీజ్, వేయించిన గుడ్డు, బేకన్ పెట్టి ఇస్తారు, అవి తర్వాత చేరినవి, వద్దంటే సరిపోతుంది.

రెండోది కానరీ దీవుల పాపాస్ అర్రుగాదాస్, ముడతలు పడిన దుంపలు అని అర్థం. చిన్న చిన్న దుంపల్ని పొట్టుతోనే, మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి, గుప్పిళ్ళతో ఉప్పేసి ఉడికిస్తారు. పూర్వం సముద్రపు నీళ్ళతోనే చేసేవాళ్ళని చెబుతారు. నీళ్ళు వంపేసి గిన్నెని మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఊపుతూ ఉంటే పొట్టు ముడతలు పడి, మీద సన్నటి తెల్లటి ఉప్పు పొర ఏర్పడుతుంది. ఇక్కడ ఇబ్బంది దుంపతో లేదు, పక్కన పెట్టే మోహో అనే పచ్చడితో ఉంది, దానికి వెల్లుల్లే ప్రాణం. కాల్చిన ఎర్ర క్యాప్సికం, వేయించిన జీలకర్ర, మిరపపొడి, నూనె, కొంచెం వెనిగర్ వేసి నూరితే వెల్లుల్లి లేకుండా కూడా బానే ఉంది, అయితే అసలు మోహో తిన్నవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ఈ వంటకం జోలికి పోకండి, అంత ఉప్పు దండగ.

మూడోది పొమ్ ఆన్నా. 19వ శతాబ్దంలో పారిస్‌లోని కఫే ఆంగ్లే అనే రెస్టారెంట్‌లో పుట్టింది. కాగితంలా పల్చగా కోసిన దుంప బిళ్ళల్ని కరిగించిన వెన్నలో ముంచి పొరలు పొరలుగా పేర్చి కాలుస్తారు. చూడటానికి అద్భుతం, చేయడానికి ఓపిక, తినడానికి మరీ నెయ్యి నెయ్యిగా ఉంటుంది. చుట్టాలొచ్చిన రోజుకి సరే, రోజువారీకి నేనైతే చేయను.

కాస్త సర్దుకుంటే దారికొచ్చేవి

లాట్కే నాకు చాలా ఇష్టం, అందుకే దీని మీద ఎక్కువ పోరాడాను. తూర్పు యూరప్ యూదులు హనుక్కా పండక్కి నూనెలో వేయించే దుంప అట్లు ఇవి. మామూలుగా పచ్చి దుంప తురుము, ఉల్లి తురుము, గుడ్డు, కాస్త పిండి. మొదటిసారి ఉల్లీ గుడ్డూ రెండూ తీసేసి, వాటి బదులు ఏమీ వేయకుండా నూనెలో వదిలాను. అట్టు పడలేదు, తురుము నూనెలో ఈత కొట్టింది. రెండోసారి కాస్త బుర్ర పెట్టాను.

పచ్చి తురుముని పల్చటి గుడ్డలో మూటకట్టి గిన్నెలోకి గట్టిగా పిండండి. వచ్చిన నీళ్ళని పారబోయకుండా పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. పైన గోధుమ రంగు నీళ్ళు తేరుకుంటాయి, కింద తెల్లటి పొర పేరుకుంటుంది, వేలితో నొక్కితే కిర్రుమంటుంది. అది దుంప స్టార్చ్, అందులో ప్రొటీన్ ఉండదు. పై నీళ్ళు మెల్లగా వంపేసి ఆ తెల్ల పొరని గీకి తురుములో కలిపేయండి. నాలుగు దుంపలకి ఒక చిన్న ఉడికిన దుంపని కూడా మెదిపి కలిపితే గుడ్డు లేని లోటు తీరిపోతుంది. అంచులు ఎర్రబడే దాకా తిరగేయొద్దు. గోధుమపిండి రెండు చెంచాలు వేసినా కొంపలేం మునగవు, అందులో వచ్చే సల్ఫర్ అమైనో ఆమ్లాలు గుడ్డులో ఉన్నదాంట్లో పావు వంతు మాత్రమే.

ఉల్లి తీసేస్తే ఒక కొత్త తలనొప్పి ఉంది, తురుము చకచకా నల్లబడిపోతుంది. ఉల్లి రుచికే అనుకుంటాం కానీ దుంపని నల్లబరిచే ఎంజైమ్‌కి ఉల్లిలోని సల్ఫర్ పదార్థాలు అడ్డుపడతాయి. కంపెనీ వాళ్ళు సల్ఫైట్ కలిపేది కూడా సరిగ్గా ఇందుకే. కాబట్టి ఉల్లి లేకుండా చేసేవాళ్ళు తురిమిన వెంటనే చల్లటి నీళ్ళలో వేసి, రెండు చుక్కలు తాజా నిమ్మరసం పిండండి. పక్కన నంజుకోడానికి ఆపిల్ గుజ్జు బెస్ట్, ఇంట్లో తాజా ఆపిల్స్‌తో చేసింది. సోర్ క్రీమ్ రెండు చెంచాలు వేసుకున్నా ఒక గ్రాము ప్రొటీన్ దాటదు. బెలారస్ వాళ్ళ ‘ద్రానికి’ అనే దుంప అట్టు కూడా లాట్కేకి దగ్గరి చుట్టమే, అదే పద్ధతిలో వస్తుంది.

గ్రాటాన్ దోఫినువా విషయంలో నాకు పెద్ద ఆశ్చర్యం. దుంపల మీద చీజ్ కరిగి బుడగలొచ్చే వంటకం కదా అని మొదటే కొట్టేశాను. తీరా చూస్తే అసలు పాత పద్ధతిలో చీజ్ లేదు, గుడ్డూ లేదు. ఫ్రాన్స్‌లోని గ్యాప్ పట్టణంలో 1788 జులై 12న జరిగిన ఒక విందులో దీని పేరు మొదటిసారి రికార్డుల్లోకి ఎక్కింది. పల్చటి దుంప బిళ్ళలు, పాలు, క్రీమ్, వెల్లుల్లితో రుద్దిన పాత్ర. ఆ వెల్లుల్లి రుద్దడం మానేసి జాజికాయ కాస్త ఎక్కువ గీరితే చాలు. 200 గ్రాముల దుంపలు, 100 మిల్లీలీటర్ల పాలూ క్రీమూ కలిపి ఒక మనిషి వంతు అనుకుంటే సల్ఫర్ అమైనో ఆమ్లాలు మొత్తం సుమారు 200 మిల్లీగ్రాములు, ఒక గుడ్డు కన్నా తక్కువ. అదే దాని మీద 30 గ్రాముల గ్రూయేర్ చీజ్ తురిమారంటే, ఆ చీజ్ ఒక్కటే 300 దాటించేస్తుంది. ఇంకోటి, డబ్బాల్లో వచ్చే క్రీమ్‌లో చాలావాటికి చిక్కదనం కోసం క్యారగీనన్, అంటే ఇ407, కలుపుతారు. అది సముద్రపు నాచు నుంచి తీసేది, దాని నిర్మాణంలోనే సల్ఫేట్ ఉంటుంది. కడుపు గొడవ ఉన్నవాళ్ళు అది లేని క్రీమ్ చూసుకోండి.

న్యోక్కి, అంటే దుంప ముద్దలో పిండి కలిపి చేసే చిన్న ఉండలు, పెద్ద సమస్య కాదు. ఇటలీలో గుడ్డుతో చేసేవాళ్ళూ ఉన్నారు, లేకుండా చేసేవాళ్ళూ ఉన్నారు, మీరు రెండో బ్యాచ్‌లో చేరిపోండి. దుంపల్ని ఉడకబెట్టే బదులు ఓవెన్‌లో కాలిస్తే తడి తగ్గి పిండి తక్కువ పడుతుంది. మీద వెన్న, సేజ్ ఆకు. పర్మెజాన్ చీజ్ అయితే ఒక చెంచా చాలు, అది 100 గ్రాములకి 35 గ్రాముల ప్రొటీన్ ఉండే సరుకు, గుట్టగా పోసుకుంటే లెక్క తప్పుతుంది.

పెరూ వాళ్ళ కౌసా కూడా చూడొచ్చు. మెదిపిన పసుపు దుంపలో నిమ్మరసం, నూనె, పసుప్పచ్చ మిరపకాయ ముద్ద కలిపి చల్లగా తింటారు. మధ్యలో పెట్టే చికెన్, ట్యూనా, మయోనైజ్ బదులు అవకాడో పెడితే పని అయిపోయింది.

వీటితో కుస్తీ పట్టకండి

స్పెయిన్ తోర్తియాకి 600 గ్రాముల దుంపలైతే ఆరు గుడ్లు. నలుగురు తింటే తలా ఒకటిన్నర గుడ్డు, అంటే దాదాపు 480 మిల్లీగ్రాములు గుడ్డు వాటా, దుంప వాటా 80. అక్కడి వాళ్ళు ఉల్లి వేయాలా వద్దా అని రెండు పార్టీలుగా చీలి తగువులాడుకుంటారు కాబట్టి ఉల్లి లేకుండా తింటే ఎవరూ తప్పు పట్టరు, కానీ గుడ్డు తీస్తే మిగిలేది నూనెలో మగ్గిన దుంపలే. శనగపిండితో చేసే గుడ్డు లేని తోర్తియా ఉంది కదా అంటారేమో. శనగపిండిలో ప్రొటీన్ 100 గ్రాములకి 20 పైన, దానికి తోడు గుడ్డు వాసన కోసం నల్ల ఉప్పు వేయమంటారు. ఆ నల్ల ఉప్పుకి గుడ్డు వాసన వచ్చేదే సల్ఫైడ్ల వల్ల. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

ఐర్లాండ్ కాల్కానన్‌లో కేల్ గానీ క్యాబేజీ గానీ ఉండాల్సిందే, చాంప్‌లో ఉల్లికాడలు ఉండాల్సిందే. అవి తీసేస్తే రెండూ ఒకటే, పాలూ వెన్నా వేసి మెదిపిన దుంప. తినండి, బావుంటుంది, ఆ పేర్లు మాత్రం పెట్టకండి. అదే ఐర్లాండ్‌లో బాక్స్‌టీ ఉంది, పచ్చి తురుమూ మెదిపిన దుంపా మజ్జిగా పిండీ కలిపి పోసే అట్టు, అది మీకు పనికొస్తుంది.

ఫ్రాన్స్ అలిగో అంటే దుంప ముద్దలో చీజ్ సాగేదాకా కలపడం, స్వీడన్ యాన్సన్స్ ఫ్రెస్టెల్సె అంటే ఉల్లి, ఊరవేసిన చేప, క్రీమ్. చూడకుండా దాటేయండి. జర్మనీ దుంప సలాడ్ ఉత్తరాన మయోనైజ్‌తో, దక్షిణాన బ్రాత్ (మాంసం లేదా కూరగాయలు ఉడికించిన నీళ్ళు), వెనిగర్, ఆవపిండి ముద్ద, ఉల్లితో చేస్తారు. దక్షిణపు దాన్నే ఉల్లీ ఆవాలూ తీసేసి షాజీరాతో చేసి చూశాను, ఫర్వాలేదు అనిపించింది, మళ్ళీ చేయాలని మాత్రం అనిపించలేదు.

ఉల్లి బదులు ఇంగువ వేద్దామనుకునేవాళ్ళకి

ఆగండి. ఇంగువ ఘాటంతా సల్ఫర్ పదార్థాలదే, ఉల్లి వెల్లుల్లి వాసన రావడానికి కారణం కూడా అదే. ఉల్లి వెల్లుల్లి పడని కొన్ని కడుపు డైట్లలో ఇంగువ వాడమని చెబుతారు, అక్కడ సరిపోతుంది, ఎందుకంటే అక్కడ సమస్య ఉల్లిలోని ఒక రకం పిండి పదార్థంతో. ఆ డైట్లలోనే వెల్లుల్లిని నూనెలో వేయించి, రెబ్బలు తీసేసి ఆ నూనె వాడమని ఇంకో చిట్కా చెబుతారు. ఆ పిండి పదార్థం నూనెలో కరగదు కాబట్టి వాళ్ళకి పని చేస్తుంది. వెల్లుల్లి సల్ఫర్ పదార్థాలు మాత్రం నూనెలో చక్కగా కరుగుతాయి. అంటే రెబ్బలు తీసేసి సల్ఫర్ ఉంచుకున్నట్టు. నేను రెండు వారాలు ఈ నూనె వాడి, డైట్ పని చేయట్లేదేంటని టెన్షన్ పడ్డాను.

ఉల్లి ఇచ్చే తియ్యదనం కావాలంటే సోంపు గడ్డని సన్నగా తరిగి వెన్నలో మెల్లగా ఎర్రబడే దాకా మగ్గించండి, లేదా క్యారట్ తురుము. వాసనకి థైమ్, రోజ్‌మేరీ, డిల్, షాజీరా, జీలకర్ర, మిరియాలు, జాజికాయ. ఛైవ్స్, లీక్స్ ఉల్లి జాతే, చూడ్డానికి సాధుగా ఉన్నాయని మోసపోకండి.

ప్యాకెట్ దుంపలు

సల్ఫైట్లు పడనివాళ్ళు శ్రద్ధగా చూడాల్సింది ఇక్కడ. నీళ్ళు కలిపితే ముద్ద అయ్యే దుంప రేకుల పొడి, పొట్టు తీసి కోసి అమ్మే దుంపలు, ఫ్రోజెన్ ముక్కలు, వీటిలో చాలాచోట్ల రంగు కోసం మెటాబైసల్ఫైట్ వాడతారు. యూరప్ నిబంధనల్లో ఎండబెట్టిన దుంప సరుకుకి కిలోకి 400 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది, పొట్టు తీసిన దుంపలకి 50. అమెరికాలో పచ్చిగా తినే కూరగాయలు, పళ్ళ మీద సల్ఫైట్లు వాడకూడదని 1986లో నిషేధించారు, దుంపలు పచ్చిగా తినరు కదా, అందులోకి రాలేదు. అక్కడా యూరప్‌లోనూ 10 పీపీఎం, అంటే కిలోకి 10 మిల్లీగ్రాములు, దాటితే లేబుల్ మీద రాయాలి. నేను కొన్న ఒక ప్యాకెట్‌కి ముందువైపు నూటికి నూరుపాళ్ళు దుంప అని పెద్ద అక్షరాలు, వెనక మడత కింద చీమ తలంత అక్షరాల్లో ఇ223. అప్పటి నుంచి మడత విప్పి చదువుతున్నాను.

ఒక చిన్న తికమక. లేబుల్ మీద పైరోఫాస్ఫేట్ అని, ఇ450 అని ఉంటే అది సల్ఫర్ కాదు, భయం లేదు. పైరోసల్ఫైట్ అని ఉంటే మెటాబైసల్ఫైట్‌కే ఇంకో పేరు. ఉడకబెడితే కొంత పోతుంది అంటారు, కొంత పోయే మాట నిజమే, కానీ ఎంత మిగిలిందో మీ ఊపిరితిత్తులతో పరీక్ష చేయొద్దు. సీసాల్లో వచ్చే నిమ్మరసం, వైన్, వైన్ వెనిగర్, డిజాన్ ఆవ ముద్ద కూడా ఇదే కోవ.

సల్ఫైట్ లేకుండా దుంపని ఎండబెట్టడం కుదరదా అంటే ఆండీస్ కొండల్లో వాళ్ళు ఎన్నో వందల ఏళ్ళుగా చేస్తున్నారు. రాత్రి గడ్డకట్టే చలిలో దుంపల్ని ఆరుబయట పరిచి, పగలు ఎండలో కరిగాక కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండేసి, మళ్ళీ చలికి, మళ్ళీ ఎండకి వదిలేస్తారు. చూన్యో అంటారు. నల్లగానే ఉంటుంది, ఏళ్ళ తరబడి నిలవుంటుంది. దుంప తెల్లగానే ఉండాలన్న పట్టుదల లేకపోతే సల్ఫైట్ అవసరమే లేదన్నమాట.

మరి మీరు ఏది చేయాలి?

సల్ఫైట్లే మీ సమస్య అయితే పైన చెప్పిన వరస తిరగబడుతుంది: తోర్తియా, కాల్కానన్, చీజ్ గ్రాటాన్, అన్నీ మీవే, దుంప మాత్రం మీరే కొని మీరే తరగండి, మోహోలోకి వైన్ వెనిగర్ కాకుండా నిమ్మకాయ పిండండి. ఉల్లి, వెల్లుల్లి ఘాటే పడకపోతే ఉల్లి లేని తోర్తియా, వెల్లుల్లి రుద్దని గ్రాటాన్ మంచి ఎంపికలు, గుడ్డు లెక్క మీకు అక్కర్లేదు. నాలాగా ప్రొటీన్ సల్ఫర్ కూడా తగ్గించాల్సి వస్తే వారం మధ్యలో రోష్టి, తీరిగ్గా ఉన్న రోజు స్టార్చ్‌తో లాట్కే, ఎవరైనా వస్తే చీజ్ లేని గ్రాటాన్. రోజూ మూడు పూటలా దుంపే తింటే మాత్రం ప్రొటీన్ బాగా తగ్గిపోతుంది, అసలు దుంప ప్రొటీన్‌లో కొరతగా ఉండేవే ఆ సల్ఫర్ అమైనో ఆమ్లాలు, కాబట్టి మిగతా పూటల్లో ఏం తినాలో డైటీషియన్‌తో మాట్లాడుకోండి.

బయట తినాల్సి వస్తే వేపుడు ముక్కలు అక్కడే తరిగినవా, సంచిలోంచి తీసినవా అని అడగండి. సర్వర్‌కి తెలియకపోతే లోపల కనుక్కుని రమ్మనండి, మొహమాటపడొద్దు. ఎటూ తేలకపోతే పొట్టుతో కాల్చిన మొత్తం దుంప ఉందేమో చూడండి. పొట్టుతో ఉన్న దుంపకి రంగు మందు కలపాల్సిన పని ఎవరికీ ఉండదు. వెన్న విడిగా ఇమ్మనండి, మీద ఉల్లికాడలు జల్లకుండానే తెమ్మని ముందే చెప్పండి. నేను రెండుసార్లు మర్చిపోయి, వచ్చాక ఒక్కొక్క ముక్కా ఫోర్కుతో ఏరుకున్నాను.